గడియారాన్ని గంట జరిపితే పగలు కలిసొస్తుందా? డేలైట్ సేవింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడాల్లో చాలాచోట్ల, బ్రిటన్, యూరప్‌లలో, ఆస్ట్రేలియాలోని కొన్ని రాష్ట్రాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుతుంది: వేసవి కోసం గంట ముందుకు, తర్వాత గంట వెనక్కి. దీన్నే డేలైట్ సేవింగ్ అంటారు. ముందుకు జరిపినది వేసవి సమయం, జరపనిది ప్రామాణిక సమయం, అంటే శీతాకాలపు సమయం. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు, హైదరాబాద్‌లో కూర్చుని వాళ్ల వేళలకు పనిచేసేవాళ్లు, పిల్లల ఫోన్ కోసం చూసే అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

గడియారం ముందుకు జరిపితే పగలు పెరుగుతుందా?

పెరగదు. సూర్యుడు ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉంటాడు. పొద్దున మనం నిద్రలో ఉండగా పోయే ఒక గంట వెలుగు సాయంత్రం వైపుకి వస్తుంది, అంతే.

న్యూయార్క్‌నే తీసుకోండి. జూన్ మూడో వారంలో అక్కడి గడియారం ప్రకారం పొద్దు పొడిచేది 5:25కి, గూకేది రాత్రి 8:31కి. గడియారం జరపకపోతే అదే పొద్దు 4:25కి పొడిచి 7:31కి గూకేది. తెల్లవారుజామున 4:25 నుంచి 5:25 దాకా ఊరంతా కిటికీ తెరలు దించుకుని పడుకుని ఉంటుంది. ఆ గంటను సాయంత్రానికి మారిస్తే పిల్లలు పార్కులో ఆడుకుంటారు, పెద్దలు నడకకు వెళ్తారు. డేలైట్ సేవింగ్ వెనకున్న ఆలోచన మొత్తం ఇదే. అందులో నిజం ఉంది. అయితే అది ఏ ఊళ్లో, ఏ నెలల్లో నిజం అన్నదే చూసుకోవాలి.

మరి మన దగ్గర ఎందుకు పెట్టలేదు?

జరపడానికి మనకు మిగులు వెలుగు లేదు కాబట్టి. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల పైన కొద్ది నిమిషాలు. తేడా రెండు గంటలే. లండన్‌లో జూన్ పగలు 16 గంటల 38 నిమిషాలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ తేడా తగ్గుతుంది. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, లండన్ 51 దాటి ఉంది.

ఇంకో సంగతి, మన ఎండాకాలంలో సాయంత్రపు ఎండ ఎవరికీ అక్కర్లేదు. మే నెలలో ఆఫీసు వదిలే వేళకు ఇంకో గంట ఎండ ఉంటే మేలు కాదు, కూలర్ ఇంకో గంట తిరుగుతుంది. మనవాళ్లు దీనికి చాలా సూటి పరిష్కారం చూసుకున్నారు. గడియారాన్ని ముట్టుకోకుండా పని వేళ మార్చారు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలై, పిల్లలు ఎనిమిదింటికల్లా బడిలో ఉంటారు, పన్నెండున్నరకు ఇంటికి వచ్చేస్తారు. పొలం పనులు, ఉపాధి హామీ పనులు తెల్లవారగానే మొదలై ఎండ ముదిరేలోపు ముగుస్తాయి. వెలుగును వాడుకోవడమంటే ఇది. రైళ్లు, బ్యాంకులు, సర్వర్లు ఏవీ తమ టైమ్ మార్చుకోనక్కర్లేదు.

మన దేశం గడియారం జరపనే లేదని కూడా అనలేం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, దేశమంతా గంట ముందుకు జరిగి ఉంది. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల జాతకం వేయాలంటే ఆ గంట తీసేయాలి.

దీన్ని మొదలుపెట్టింది ఎవరు? రైతుల కోసమేనా?

రైతుల కోసం కాదు. ఈ మాట ఎలా పాకిందో గానీ చరిత్ర దీనికి పూర్తిగా ఎదురు. 1895లో న్యూజిలాండ్‌లో పురుగుల మీద పరిశోధన చేసే జార్జ్ హడ్సన్, 1907లో లండన్‌లో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ విడివిడిగా ఈ ప్రతిపాదన చేశారు. అమలు చేయించింది యుద్ధం. బొగ్గు పొదుపు కోసం జర్మనీ 1916 ఏప్రిల్ 30న, బ్రిటన్ అదే ఏడాది మే 21న గడియారాలు జరిపాయి. అమెరికా 1918లో తెచ్చింది. అక్కడి రైతులు గట్టిగా ఎదురుతిరిగారు. గడ్డి కోయాలంటే మంచు ఆరాలి, మంచు సూర్యుణ్ణి బట్టి ఆరుతుంది, కూలీలు మాత్రం గడియారాన్ని బట్టి ఇంటికి వెళ్లిపోతారు. 1919లో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి, ఆ చట్టాన్ని రద్దు చేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలం వదిలేస్తే, మళ్లీ దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది 1966 చట్టంతో.

కరెంటు ఆదా అవుతుందా?

ఒకప్పుడు అయ్యేది. ఇప్పుడు దాదాపు కాదు.

ఇంట్లో కరెంటు ఖర్చంటే దీపాలే అయిన రోజుల్లో లెక్క సరిపోయేది. సాయంత్రం గంట ఆలస్యంగా లైటు వేస్తే గంట కరెంటు మిగిలేది. ఇప్పుడు ఎల్ఈడీ బల్బు తినేది తొమ్మిది, పది వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ నడుస్తున్నప్పుడు పదిహేను వందల వాట్ల దాకా లాగుతుంది. ఒక గంట ఏసీ ఎక్కువ నడిస్తే నూట యాభై బల్బులు గంటసేపు ఆర్పి మిగిల్చింది పోయినట్టే.

దీన్ని కొలవడానికి అమెరికాలోని ఇండియానా రాష్ట్రం చక్కగా కుదిరింది. 2006 దాకా అక్కడ చాలా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) గడియారం మార్చేవి కావు, ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతా మార్చింది. ముందూ వెనుకా బిల్లులు పోల్చి చూస్తే ఇళ్ల కరెంటు వాడకం సుమారు 1 శాతం పెరిగింది. దీపాల ఖర్చు తగ్గిన మాట నిజమే. సాయంత్రం ఏసీ, చలి నెలల్లో తెల్లవారుజామున హీటరు దాన్ని మింగేశాయి.

2007 నుంచి అమెరికా ఈ కాలాన్ని మరో నాలుగు వారాలు పెంచింది. ఆ దేశ ఇంధన శాఖ 2008లో ఇచ్చిన లెక్క ప్రకారం, పెంచిన రోజుల్లో రోజుకు అర శాతం చొప్పున కరెంటు మిగిలింది. ఏడాది మొత్తం వాడకంలో అది 0.03 శాతం. ఉత్తరాదిన కాస్త లాభం, ఏసీ వాడకం ఎక్కువగా ఉన్న దక్షిణాదిన ఇంకా తక్కువ. డల్లాస్, హ్యూస్టన్, ఫీనిక్స్ లాంటి వేడి ఊళ్లలో కరెంటు పేరు చెప్పి గడియారం జరపడానికి ఆధారం లేదు. ఫీనిక్స్ ఉన్న ఆరిజోనా ఈ సంగతి ముందే గ్రహించింది. నవాహో ఆదివాసుల ప్రాంతం తప్ప ఆ రాష్ట్రం గడియారం మార్చదు. హవాయి కూడా మార్చదు.

ఆరోగ్యానికి నష్టమా?

మార్చి మార్పు నష్టమే. పోయేది ఒక్క గంట నిద్రే కదా అనిపిస్తుంది. కానీ ఒంట్లోని గడియారం పొద్దుటి వెలుగు చూసి సర్దుకుంటుంది, గోడ గడియారం చూసి కాదు. మార్పు తర్వాత పొద్దున చీకటి, రాత్రి వెలుగు. రెండూ నిద్రను ఆలస్యం వైపే నెడతాయి. అమెరికాలో 1996 నుంచి 2017 దాకా జరిగిన ప్రమాదాలను చూసిన అధ్యయనంలో, మార్చి మార్పు తర్వాతి వారంలో ప్రాణాలు పోయే రోడ్డు ప్రమాదాలు సుమారు 6 శాతం పెరిగినట్టు తేలింది. స్వీడన్ ఆసుపత్రుల లెక్కల్లో ఆ మొదటి వారం గుండెపోట్లు 5 శాతం మేర పెరిగాయి.

నవంబరులో ఒంటికి గంట నిద్ర ఎక్కువ దొరుకుతుంది. కానీ ఆఫీసు నుంచి వచ్చే వేళ ఒక్కసారిగా చీకటి పడుతుంది. ఆ వారం సాయంత్రం రోడ్డు దాటేవాళ్లు లేత రంగు బట్టలు వేసుకోవాలి, డ్రైవర్లు వేగం తగ్గించాలి.

అయితే మొత్తం మీద ఇది వెలుగును బాగా వాడుకోవడమేనా?

ఊరిని బట్టి, నెలను బట్టి. లండన్‌లో గడియారం జరపకపోతే జూన్‌లో 3:43కే తెల్లవారుతుంది. దాన్ని సాయంత్రానికి మార్చుకోవడంలో ఎవరూ తప్పు పట్టలేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, 40 డిగ్రీలకు పైనున్న ఊళ్లలో, ఈ ఏర్పాటు తన పని తాను చేస్తుంది.

అమెరికా పొరపాటు దాన్ని అతిగా సాగదీయడం. మార్చి రెండో ఆదివారానికే జరిపితే డల్లాస్‌లో సూర్యోదయం 7:45 ప్రాంతంలో అవుతుంది. అక్టోబరు చివర్లోనూ అంతే. పిల్లలు సెల్‌ఫోన్ వెలుగులో స్కూలు బస్సు కోసం నిలబడతారు. ఆ వారాల్లో పొద్దున వృథాగా పోతున్న వెలుగంటూ లేదు, ఉన్నదాన్నే లాగేసుకున్నారు. పైగా డల్లాస్ తన టైమ్ జోన్ మధ్యరేఖకు పడమరగా ఉంది. అక్కడ సూర్యుడు ఎలాగూ 27 నిమిషాలు ఆలస్యం. దానికి ఇంకో గంట కలిపితే వేసవిలో నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నరకు.

మా లెక్కలో, ఏడాదికి రెండుసార్లు అందరి నిద్రా చెడగొట్టే బదులు గడియారాన్ని ప్రామాణిక సమయంలోనే ఉంచి, వేసవిలో బడి, ఆఫీసు వేళలు ముందుకు జరుపుకోవడం మేలు. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం కూడా ఏడాదంతా ప్రామాణిక సమయమే ఉండాలని 2020లో చెప్పింది.

ఏడాదంతా వేసవి సమయమే ఉంచేస్తే?

చేసి చూశారు. 1974 జనవరి 6న నిక్సన్ హయాంలో అమెరికా ఏడాదంతా వేసవి సమయానికి మారింది, రెండేళ్లు నడపాలని. పిల్లలు చీకట్లో బడికి వెళ్లాల్సి రావడంతో తల్లిదండ్రులు తిరగబడ్డారు. అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. బ్రిటన్ 1968 నుంచి 1971 దాకా ప్రయత్నించి 366–81 ఓట్లతో వదిలేసింది. రష్యా 2011లో మొదలుపెట్టి 2014లో శీతాకాలపు సమయానికి తిరిగొచ్చింది. మూడు దేశాల్లోనూ శీతాకాలపు చీకటి ఉదయాలు చూసే వద్దన్నారు. సియాటిల్‌లో ఇలా చేస్తే డిసెంబరులో తెల్లవారేది 8:55కి.

అమెరికా సెనేట్ 2022 మార్చిలో మళ్లీ ఇలాంటి బిల్లునే ఆమోదించింది, ప్రతినిధుల సభలో అది ముందుకు పోలేదు. యూరప్ పార్లమెంటు 2019లో మార్పిడిని ఆపేయాలని ఓటేసింది. ఏ సమయంలో ఆగాలో దేశాల మధ్య కుదరక అది కూడా నిలిచిపోయింది.

ఏ తేదీల్లో మారుతుంది?

అమెరికా, కెనడాల్లో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు 3 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం 2 గంటలకు మళ్లీ 1 అవుతుంది. 2026లో మార్చి 8, నవంబరు 1. 2027లో మార్చి 14, నవంబరు 7.

బ్రిటన్, యూరప్‌లలో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలు. 2026లో మార్చి 29, అక్టోబరు 25. 2027లో మార్చి 28, అక్టోబరు 31.

ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్ వైపు అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా. బ్రిస్బేన్, పెర్త్, డార్విన్ మారవు. దక్షిణార్ధగోళం కాబట్టి అంతా తిరగేసి ఉంటుంది.

భారత సమయంతో తేడా ఎంత?

ముందు వేసవి తేడా, తర్వాత శీతాకాలపు తేడా:

- న్యూయార్క్, న్యూజెర్సీ, అట్లాంటా: మనకన్నా 9½ గంటలు, 10½ గంటలు వెనక
- డల్లాస్, చికాగో: 10½, 11½ వెనక
- కాలిఫోర్నియా, సియాటిల్: 12½, 13½ వెనక
- లండన్: 4½, 5½ వెనక
- సిడ్నీ, మెల్‌బోర్న్: మనకన్నా 5½ ముందు (వాళ్ల వేసవి), 4½ ముందు

హైదరాబాద్‌లో శనివారం ఉదయం 8:30కి అమ్మకు ఫోన్ రావాలంటే డల్లాస్‌లో శుక్రవారం రాత్రి వేసవిలో 10కి, శీతాకాలంలో 9కి చేయాలి. తిరుమల దర్శనం టికెట్లు మన టైమ్ ప్రకారం ఉదయం 10కి విడుదలైతే, డల్లాస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 11:30, శీతాకాలంలో 10:30. నవంబరులో పాత అలవాటు చొప్పున 11:30కి కూర్చుంటే కోటా విడుదలై అప్పటికే గంట అయి ఉంటుంది.

మన మార్కెట్లకూ ఈ సెగ తగులుతుంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ మన టైమ్‌లో వేసవిలో సాయంత్రం 7కి, శీతాకాలంలో 8కి తెరుచుకుంటుంది. సరుకుల మార్కెట్ ఎంసీఎక్స్‌లో బంగారం, క్రూడ్ ట్రేడింగ్ అమెరికా వేసవిలో రాత్రి 11:30కి, మిగతా నెలల్లో 11:55కి ముగుస్తుంది.

మార్చిలో మీటింగులన్నీ ఎందుకు గందరగోళం అవుతాయి?

రెండు కారణాలు. మొదటిది, మీటింగు ఎవరు పెట్టారో వాళ్ల టైమ్ జోన్‌కి అది కట్టుబడి ఉంటుంది. న్యూయార్క్ మేనేజరు ఉదయం 9కి పెడితే హైదరాబాద్‌లో వేసవిలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. అదే మీటింగు హైదరాబాద్ నుంచి రాత్రి 7:30కి పెడితే మనకు మారదు, వాళ్లకు వేసవిలో ఉదయం 10, శీతాకాలంలో 9 అవుతుంది. టీములో కొన్ని మీటింగులు ఇటువాళ్లు, కొన్ని అటువాళ్లు పెట్టి ఉంటే మార్పు తర్వాతి సోమవారం రెండు ఒకేవేళకు వచ్చి పడతాయి. మార్పుకు ముందు శుక్రవారమే తర్వాతి వారం క్యాలెండరు తెరిచి చూసుకోండి.

రెండోది, అమెరికా ముందు మారుతుంది, బ్రిటన్ తర్వాత. 2026లో మార్చి 8 నుంచి 29 దాకా మూడు వారాలు న్యూయార్క్, లండన్‌ల మధ్య తేడా 5 గంటలకు బదులు 4. అక్టోబరు 25 నుంచి నవంబరు 1 దాకా మళ్లీ అంతే. మూడు దేశాల టీములు ఈ నాలుగు వారాలకు మీటింగు వేళను యూటీసీలో, అంటే ఏడాదంతా మారని అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, రాసుకుంటే గొడవ ఉండదు.

పిల్లల నిద్ర ఎలా సర్దాలి?

మార్చిలో అయితే బుధవారం రాత్రి నుంచే మొదలుపెట్టి రోజుకు 15 నిమిషాల చొప్పున ముందుగా పడుకోబెట్టండి. శనివారం రాత్రికి గంట పూర్తవుతుంది. భోజనం, స్నానం కూడా అంతే ముందుకు జరపాలి. నిద్ర ఒక్కటే జరిపితే మంచంమీద పొర్లుతారు. ఆదివారం లేవగానే కిటికీ తెరలు తీసి వెలుగులో అరగంట ఉంచండి. రాత్రి పడుకునే గదిలో మందపాటి తెర వేయండి. వేళ తప్పకుండా తీసుకునే ఇన్సులిన్, మూర్ఛ మందుల విషయంలో మాత్రం డాక్టరును అడిగి జరపాలి.

ఇంట్లో ఏయే గడియారాలు మార్చుకోవాలి?

ఫోను, కంప్యూటరు వాటంతటవే మారతాయి. పొయ్యి, మైక్రోవేవ్, పాత కార్లు, చేతి గడియారం, తోటకు నీళ్లు పెట్టే టైమరు మనమే మార్చాలి. గంటలు కొట్టే పాత గోడ గడియారం ఉంటే ముల్లును వెనక్కి తిప్పకండి, గంట కొట్టే పళ్ల చక్రం దెబ్బతింటుంది. నవంబరులో లోలకాన్ని గంటసేపు ఆపి మళ్లీ ఊపితే చాలు. మార్చిలో ముందుకు తిప్పేటప్పుడు అరగంట దగ్గర, గంట దగ్గర ఆగి కొట్టనివ్వాలి. పొగ వస్తే మోగే అలారం బ్యాటరీ మార్చడానికి కూడా అమెరికాలో ఈ రోజునే గుర్తుపెట్టుకుంటారు.

నైట్ షిఫ్టులో ఉంటే జీతం?

రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా షిఫ్టు అయితే నవంబరులో ఆ రాత్రి మీరు పనిచేసేది 9 గంటలు, మార్చిలో 7. అమెరికా కార్మిక చట్టం ప్రకారం గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకు పనిచేసిన ప్రతి గంటకూ చెల్లించాలి. ఆ తొమ్మిదో గంటతో వారం 40 దాటితే ఓవర్‌టైమ్ కూడా వస్తుంది. పంచ్ మిషన్ రాసింది ఒకసారి చూసుకోండి.

సర్వర్లో రాత్రి తనంతట తానే నడిచేలా పెట్టిన పని (జాబ్) ఒకసారి నడవలేదు, ఒకసారి రెండుసార్లు నడిచింది. ఎందుకు?

మార్చి ఆ ఆదివారం 2:00 నుంచి 2:59 అనే గంట అమెరికా గడియారంలో లేనే లేదు. 2:30కి పెట్టిన జాబ్ ఎగిరిపోతుంది. నవంబరులో 1:00 నుంచి 1:59 రెండుసార్లు వస్తుంది. 1:30 జాబ్ రెండుసార్లు నడిచి, బిల్లులు రెండుసార్లు పోతాయి. కొన్ని షెడ్యూలర్లు దీన్ని కనిపెట్టి సర్దుతాయి, అన్నీ సర్దవు. సర్వరును యూటీసీలో ఉంచండి. లోకల్ టైమ్ తప్పనిసరి అయితే 1 నుంచి 3 మధ్య ఏ జాబూ పెట్టకండి. డేటాబేసులో వేళను యూటీసీలో దాచి, చూపించేటప్పుడే మార్చండి. కోడులో టైమ్ జోన్‌ను ఊరి పేరుతో రాయండి. ఈఎస్‌టీ (అమెరికా తూర్పు ప్రామాణిక సమయం) అని రాస్తే అది ఏడాదంతా శీతాకాలపు సమయమే. జూలైలో గంట తప్పు చూపిస్తుంది.

పంచాంగం, రాహుకాలం మాటేమిటి?

పంచాంగం గడియారాన్ని కాదు, సూర్యోదయాన్ని నమ్ముకుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి ఘడియలు లెక్కపెట్టిన మన పెద్దలకు రోజూ గడియారం సూర్యుడితో కలిసి కదిలేది. ఘడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60.

అందుకే క్యాలెండరు వెనక అచ్చయిన రాహుకాలం పట్టిక అమెరికాలో పనికిరాదు. అది ఆరింటికి తెల్లవారి ఆరింటికి పొద్దుగూకుతుందని లెక్కవేసింది. అసలు పద్ధతి పగటిని ఎనిమిది భాగాలు చేయడం. జూన్‌లో డల్లాస్‌లో సూర్యోదయం 6:19, సూర్యాస్తమయం 8:38. పగలు 859 నిమిషాలు, ఒక్కో భాగం 1 గంట 47 నిమిషాలు. ఆదివారం రాహుకాలం ఎనిమిదో భాగం. పట్టికలో 4:30 నుంచి 6 అని ఉంటుంది, అక్కడ నిజానికి 6:51 నుంచి 8:38. ఆదివారం సాయంత్రం గృహప్రవేశం పెట్టుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

తిథి వేరు. అది ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది. మన పంచాంగంలో ఉదయం 6:10కి తిథి ముగుస్తుందని ఉంటే డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం, వేసవిలో 7:40, శీతాకాలంలో 6:40.

నవంబరు ఆ రాత్రి 1:30కి పుట్టిన బిడ్డకు జాతకం ఎలా?

ఆ రాత్రి 1:30 రెండుసార్లు వచ్చింది. జనన పత్రంలో 1:30 అని మాత్రమే ఉంటే ఏది అన్నది తెలియదు. గంట తేడాకు లగ్నం మారిపోవచ్చు. ప్రసవం గదిలోని రికార్డులో గుండె చప్పుడు గ్రాఫు కాగితం మీద వేళ వరుసగా నమోదై ఉంటుంది, దాని నకలు అడిగి తీసుకోండి. కవలలైతే మొదటి బిడ్డ 1:55కి, రెండో బిడ్డ 1:05కి పుట్టినట్టు పత్రాలు రావచ్చు. అది తప్పు కాదు, దిద్దించకండి. జాతకం వేయించేటప్పుడు మాత్రం ఆ వేళ వేసవి సమయమో ప్రామాణిక సమయమో స్పష్టంగా రాసి ఇవ్వండి.